లేచి కూర్చున్న నోటుబుక్కు

ఆ వేసవిలో మా నాన్నకు ఇల్లు ఖాళీ చేసే పిచ్చి పట్టింది.

మొదట పెరట్లో ఉన్న మూడు కాళ్ళ స్టూలు పోయింది. దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. తర్వాత గుడ్డ ఊడిన గొడుగు, అడుగు చిల్లుపడిన బకెట్టు, తాళంచెవి లేని తాళం పోయాయి. అప్పటికీ అమ్మ, పోనీలే, కాస్త చోటు కలిసొచ్చిందిగా అంది. మూడోవారం నానమ్మ పదిహేనేళ్ళుగా దాచుకున్న ఖాళీ సీసాల మీద నాన్న చెయ్యి పడింది. దాంతో ఇంట్లో యుద్ధం మొదలైంది.

మా ఇంట్లో ఒక వస్తువును పారెయ్యడమంటే చుట్టాన్ని బయటికి గెంటినంత పని. నానమ్మ ప్లాస్టిక్ కవర్లను కడిగి, బట్టల తాడు మీద క్లిప్పులు పెట్టి ఆరేస్తుంది. కొత్తగా వచ్చినవాళ్ళు మా పెరట్లో చొక్కాల పక్కన కవర్లు ఊగుతుంటే చూసి నవ్వుకునేవాళ్ళు. మా ఇంట్లో చిరిగిన దుప్పటి దిండు గలేబు అవుతుంది, గలేబు చిరిగితే వేడిగిన్నెలు దించే గుడ్డ అవుతుంది, అదీ చిరిగితే గచ్చు తుడుస్తుంది. తెగిన దారం ముక్కల్ని కూడా నానమ్మ ముడేసి, ఉండ చుట్టి పెట్టుకునేది. ఆ ఉండ నా చిన్నప్పుడు నిమ్మకాయంత ఉండేది. నేను టీచరుద్యోగంలో చేరేసరికి గుమ్మడికాయంత అయింది.

అమ్మ బట్టలు కుడుతుంది. ముందు గదిలో కిటికీ పక్కన కాలితో తొక్కే కుట్టుమిషను, దాని కింద గుడ్డముక్కల సంచి, అది అమ్మ రాజ్యం. నాన్న పుస్తకాలు బైండు చేస్తాడు. చేస్తాడు అనకూడదేమో, చేసేవాడు అనాలి, ఎందుకంటే అంతకుముందు చలికాలంలోనే ఆయన పని పోయింది.

పోయిందనడం కూడా సరికాదు. పాతికేళ్ళు పనిచేసిన బైండింగ్ షాపులోకి యజమాని జిగురు మిషను తెచ్చాడు. ఇటు పక్క కాగితాలు పెడితే అటు పక్క పుస్తకం వచ్చి పడుతుంది. నాన్న వారం రోజులు కూర్చుని కుట్టేది అది ఒక పూటలో అంటించి పారేస్తుంది. యజమాని మంచివాడే. మిషను పక్కన నిలబడి మీట నొక్కమని నాన్నకు చెప్పాడు. నాన్న రెండు రోజులు నొక్కాడు. మూడోరోజు పనిముట్ల పెట్టె చంకన పెట్టుకుని ఇంటికి వచ్చేశాడు. మర్నాడు నలుగురు మనుషులు పాత ఇనుప ప్రెస్సును మోసుకొచ్చి మా వసారాలో దించి వెళ్ళారు. పైన చక్రం తిప్పితే బరువైన పలక కిందికి దిగి పుస్తకాలను నొక్కిపట్టే ప్రెస్సు అది. ఇక షాపులో దానికి పనిలేదట, పాతికేళ్ళ మనిషికి బహుమానమట.

అప్పట్నుంచి నాన్న నోట మాట కరువైంది. అంతకుముందు మా ఇంట్లో కాకుల కంటే ముందు వీళ్ళిద్దరి వాదన లేచేది. సూదిపని గొప్పదంటే ఎవరి సూది గొప్పది అన్నది వాళ్ళ ముప్పైయేళ్ళ తగువు. నీ కుట్టు ఉతికితే ఊడుతుందని ఆయనా, మీ కుట్టు తొడుక్కుంటే తెలుస్తుందని ఈవిడా. ఆ తగువు వింటూ పెరిగినదాన్ని కాబట్టి, అది ఆగిపోయేసరికి నాకు చెవులు గడియలు పడ్డట్టయింది. అమ్మ ఏమన్నా ఆయన తలూపేవాడు. ఆఖరికి ఆయన టీలో చక్కెర వెయ్యడం అమ్మ మరిచిపోయినా ఏమీ అనలేదు. అమ్మకు ఆరోజు ఏడుపొచ్చింది.

మా వీధిలో వారానికోసారి తోపుడుబండి మీద పాత ఇనుము, కాగితాలు, సీసాలు కొనుక్కుపోయే ఆవిడ ఒకతె ఉంది. నాన్నను అన్నా అని పిలుస్తుంది గనక ఆవిడ నాకు బండి అత్త. నాన్న ముందు గుమ్మంలోంచి సామాను ఆవిడకు ఇచ్చేవాడు. నానమ్మ వెనక గుమ్మంలోంచి పోయి, వీధి మలుపులో బండిని ఆపి, సగం సామాను వెనక్కి తెచ్చుకునేది. మూడు కాళ్ళ స్టూలు అలా మూడుసార్లు వెళ్ళి మూడుసార్లు తిరిగొచ్చింది. మూడోసారి వచ్చేసరికి దానికి నాలుగో కాలు కూడా ఉంది. ఎక్కడిదో వెతికి బండి అత్తే బిగించింది.

సెలవులకు ముందు ఒకరోజు పొద్దున నేను బడికి బయల్దేరుతుంటే నాన్న గుమ్మం దగ్గర బండి అత్తతో మాట్లాడుతున్నాడు. ప్రెస్సూ పనిముట్ల పెట్టే కలిపి గోనెపట్టాతో చుట్టేసి, తాడుతో బిగించి కట్టేసి ఉన్నాయి. బడులు మళ్ళీ తెరిచే రోజున ఇద్దరు మనుషుల్ని తీసుకురమ్మని, రెండూ ఒకేసారి పట్టుకుపొమ్మని చెబుతున్నాడు. అంత బరువు లాగే మనుషులు అప్పటిదాకా దొరకరట. బండి అత్త నా మొహంలోకి చూసి, నానమ్మ మొహంలోకి చూసి, సరేనంది.

నానమ్మ ఆ రోజు వీధి మలుపు దాకా వెళ్ళలేదు. నాలుగు కాళ్ళ స్టూలు మీద కూలబడింది.

"వాడు ఇస్తున్నది ఇనుమనుకున్నావా?" అంది నాతో. "పనికిరానివన్నీ ఒక్కొక్కటే పంపిస్తున్నాడు. ఈ పెట్టె కూడా పోయిందనుకో, ఆ తర్వాత వాడి కంటికి ఈ ఇంట్లో పనికిరానివాడు వాడొక్కడే మిగులుతాడు."

నేను అక్కడే ఆమె పక్కన కూర్చుండిపోయాను. బడికి ఆలస్యంగా వెళ్ళాను.

ఆ ఏడాది బడి ఆఖరి రోజున తరగతి గది మూలలో పిల్లలు వదిలేసిన నోటుబుక్కులు నడుమెత్తు పేరుకున్నాయి. తగలబెట్టడానికి అటెండరు మూట కడుతున్నాడు. ఊరికే ఒకటి తీసి తిరగేశాను. మొదటి పది పేజీలూ ముత్యాల్లాంటి అక్షరాలు. తర్వాతి పది పేజీలూ కోడి కెలికినట్టు. ఆ తర్వాత అన్నీ తెల్లకాగితాలే. ఇంకొకటి తీశాను, అదీ అంతే. బడి తెరిచిన కొత్తలో ఉన్న ఉత్సాహం ఏ పేజీ దగ్గర ఆవిరైపోయిందో ప్రతి పుస్తకంలోనూ కనబడుతోంది.

అప్పుడే నా బుర్రలో దీపం వెలిగింది. పెద్ద టీచరుగారి దగ్గరికి పోయి, ఆ మూటలు నాకిస్తే బడి తెరిచే రోజుకల్లా మా తరగతి ముప్పై ఎనిమిది మందికీ వాటిలోంచే కొత్త నోటుబుక్కులు చేసి తెస్తానని గొప్పలు పోయాను. నువ్వు చేస్తావా అందావిడ. మా నాన్న చేస్తాడని చెప్పాను. చేపకు తెలియకుండానే గాలానికి ఎర గుచ్చేశాను.

ఐదు మూటలతో ఆటో దిగాను. వసారాలో కూర్చున్న నాన్న మూటల్నీ నన్నూ మార్చి మార్చి చూసి, నేను ఒక చేత్తో బయటికి పంపిస్తుంటే నువ్వు రెండు చేతులతో లోపలికి తెస్తున్నావా అన్నాడు. చెప్పులు వేసుకుని నడకకు వెళ్ళిపోయాడు. చేప ఎర వంక కూడా చూడలేదు.

సరే, ఆయన రాకపోతే మేం లేమా అనుకుని అమ్మా నేనూ నానమ్మా మూట విప్పుకుని కూర్చున్నాం. రాయని పేజీలు వెనక ఉన్నాయి. పట్టుకుని లాగితే చర్రుమని వచ్చేస్తున్నాయి. పొద్దు వాలేలోగా రెండు మూటలు చించి పారేశాం. తెల్లకాగితాల దొంతర మోకాలెత్తు లేచింది. నా గొప్పకు నేనే మురిసిపోతూ ఉండగా నాన్న వచ్చాడు. దొంతర మీంచి ఒక కాగితం తీసి, చిరిగిన అంచును వేలితో తడిమాడు.

"ఎవరు చించారు?"

నేనే అన్నాను.

"ఇరవై మూడేళ్ళు బైండరు ఇంట్లో అన్నం తిన్నావు" అన్నాడు. చించని పుస్తకం ఒకటి తీసుకుని, నడుమ కుట్టు విప్పి, ఒక కాగితాన్ని బయటికి లాగి నా ముందు పరిచాడు. "కాగితం ఒంటరిగా పుట్టదు. ముందు ఉన్న ఈ పేజీ, వెనక ఉన్న ఈ పేజీ, రెండూ ఒకటే కాగితం. మధ్యలో మడత. కుట్టు ఆ మడతలో పడుతుంది. నువ్వు వెనకది చించావు, ముందుది వదులైపోయింది, నీ చేతికి వచ్చింది ఒంటిరెక్క. ఒంటిరెక్కకు కుట్టు ఎక్కడ వేస్తావు? తియ్యాల్సింది వెనక నుంచి కాదు, నడుమ నుంచి. నడుమ రెండు పక్కలా తెల్లగా ఉన్న కాగితాలు దొరుకుతాయి."

అంతసేపు మాట్లాడానని ఆయనకే అప్పుడు తెలిసినట్టుంది. ఠక్కున నోరు మూసుకుని కాళ్ళు కడుక్కోవడానికి పెరట్లోకి పోయాడు.

నాలుగు నెలల్లో ఆయన అన్ని మాటలు మాట్లాడటం అదే మొదటిసారి. నాకు తిట్లు తిన్న బాధ ఎక్కడా లేదు. నానమ్మ నా వైపు వంగి, చించితే చించావు గానీ వాడి నోరు తెరిపించావు, ఇంకో నాలుగు చించు అంది.

మిగతా మూడు మూటలూ బుద్ధిగా నడుమ నుంచి విప్పాం. రెండు పక్కలా తెల్లగా ఉన్న జంట కాగితాలు ఒక దొంతర, నేను పాడుచేసిన ఒంటిరెక్కలు ఒక దొంతర. నాన్న వాటి పక్కనుంచే నడిచేవాడు, చూసేవాడు, వెళ్ళిపోయేవాడు. గోనెపట్టా మూట కట్టిన చోటే ఉంది. వారం గడిచింది.

ఒక పొద్దున నాన్న నడకకు వెళ్ళిన సమయం చూసుకుని అమ్మ ఇరవై జంట కాగితాలు మడిచి తన కుట్టుమిషను కింద పెట్టి తొక్కింది. సూది టప్పున విరిగింది. ఇంకో సూది వేసింది, అదీ విరిగింది. కాగితాలు పన్నెండుకు తగ్గించి మళ్ళీ తొక్కింది. ఈసారి మిషను మూలుగుతూ మూలుగుతూ ఆ చివరిదాకా పోయింది. అట్టపెట్టె ముక్క కోసి, దానికి నీలంరంగు గుడ్డ తొడిగి అట్ట వేసింది. చూడ్డానికి బాగానే ఉంది. నానమ్మ అటూ ఇటూ తిప్పి చూసి, గుండీలు ఎప్పుడు కుడతావే కోడలా అని అడిగింది.

అమ్మ ఆ పుస్తకాన్ని తీసుకెళ్ళి నాన్న టీ తాగే బల్ల మీద పెట్టింది. నేనూ నానమ్మా వంటింటి తలుపు వెనక చేరాం.

నాన్న వచ్చాడు, కూర్చున్నాడు, పుస్తకం తీసుకున్నాడు. బైండర్లకు ఒక పరీక్ష ఉంది. పుస్తకాన్ని మధ్యకు విప్పి బల్ల మీద వదిలేస్తారు. మంచి పుస్తకం అయితే రెండు రెక్కలూ చాపి పడుకుంటుంది. నాన్న అలాగే విప్పి వదిలాడు. అమ్మ పుస్తకం పడుకోలేదు. మెల్లగా లేచి కూర్చుని, ఆయన చూస్తుండగానే మూసుకుపోయింది.

ఆయన టీ గ్లాసు అందుకుని రెండు గుక్కలు తాగాడు. మళ్ళీ విప్పాడు. మళ్ళీ లేచి కూర్చుంది. ఇక ఉండబట్టలేక లేచి, మిషను డబ్బాలోంచి అమ్మ కుట్లు విప్పే కొక్కెం తీసుకుని మొదటి కుట్టులో దూర్చాడు.

అమ్మ వచ్చి ఎదురుగా నిలబడింది.

"నా కుట్టు విప్పడానికి మీరెవరండీ?"

"మిషను మీద కుట్టావా?"

ఆ మిషను అనే మాట ఆయన నోట్లోంచి చాలా బరువుగా వచ్చింది. అమ్మ మాత్రం వెనక్కి తగ్గలేదు.

"నా మిషను మీదే కుట్టాను. మీ షాపు మిషను మీ పని లాక్కుంటే నా మిషను ఏం చేసింది? ముప్పైయేళ్ళుగా నాతోపాటు కాళ్ళరిగేలా పనిచేస్తోంది. పాపం రెండు సూదులు కూడా పోగొట్టుకుంది."

నాన్న పుస్తకాన్ని ఎత్తి పట్టుకుని చూశాడు.

"మడత మీద కుట్టకుండా పక్కన అరంగుళం వదిలావెందుకు?"

"కుట్టు పక్కన వదలరా ఎవరైనా?"

"పిల్లల చొక్కాకు వదుల్తారు, పెరుగుతారు కాబట్టి. ఇది పుస్తకం. రేపు ఇది లావైతే కుట్టు విప్పి వదులు చేస్తావా?"

అంతే. తేనెతుట్టె కదిలింది. పుస్తకానికి వీపు ఎక్కడుంటుందో తెలియనివాళ్ళు పుస్తకాలు కుట్టకూడదని ఆయన, పదేళ్ళ కిందట నా గౌనుకు ఈయన కుట్టిన గుండీ బడి దాకా కూడా నిలవలేదని ఈవిడ. తగువు కాగితాల నుంచి చొక్కాలకు పోయింది, చొక్కాల నుంచి పెళ్ళినాటి సంగతులకు పోయింది, అక్కణ్ణుంచి చక్కెర లేని టీ దగ్గరికి వచ్చింది. ఆ టీ ఆయనకు గుర్తుందని మాకు అప్పుడు తెలిసింది. వంటింట్లో నానమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నవ్వుతోంది, కళ్ళలోంచి మాత్రం నీళ్ళు కారుతున్నాయి. నేను ఆమెను పట్టుకుని నిలబడ్డాను. అంత సంతోషం నాకు ఉద్యోగం వచ్చిన రోజు కూడా కలగలేదు.

ఆఖరికి అమ్మ పుస్తకాన్ని ఆయన చేతిలోంచి లాక్కుంది.

"దీన్ని విప్పనివ్వను. ఇది ఇలాగే ఉంటుంది. మీకు చాతనైతే ఇంకోటి కుట్టి పడుకోబెట్టండి."

నాన్న వసారాలోకి నడిచి, గోనెపట్టా మూట ముందు నిలబడి, నన్ను కత్తి పట్టుకురమ్మన్నాడు. నేను పరిగెత్తబోయాను.

"తాడు కొయ్యకురా" అంది నానమ్మ లోపల్నుంచి. "విప్పు. మంచి తాడు."

ఆయన కూర్చుని ముడులు విప్పడం మొదలుపెట్టాడు. బైండరు వేసిన ముడులు గనక ఒకంతట ఊడలేదు. పావుగంట పట్టింది. ఆ పావుగంటా ఎవరూ సాయం వెళ్ళలేదు. తాడు ఊడాక నానమ్మ దాన్ని చుట్టచుట్టి తీసుకుపోయి మేకుకు తగిలించింది.

ఆ తర్వాతి నెల రోజులు మా ఇంట్లో ఎవరికి ఎవరు జీతగాళ్ళో తెలియలేదు. నాన్న ఎముకతో చేసిన చిన్న బద్దతో కాగితం మడతను నొక్కి ఇచ్చేవాడు. పలచటి పుస్తకాలను అమ్మ మిషను మీద సరిగ్గా మడత మీదే కుట్టేది. నాన్న పక్కనే నిలబడి, ఎడమకు, ఎడమకు అంటూ ఆమె ప్రాణం తీసేవాడు. లావు పుస్తకాలకు మిషను పనికిరాదు. వాటికి నాన్నే పిడి ఉన్న లావు సూదిలాంటి ఆరతో కన్నాలు పొడిచి, దారానికి మైనం రాసి చేత్తో కుట్టేవాడు. ఆ దారం నానమ్మ గుమ్మడికాయ ఉండలోది. ఎర్ర ముక్క, పచ్చ ముక్క, నల్ల ముక్క, మధ్యలో ముడులు. దారం కన్నంలోంచి జారి రాకపోతే నాన్న విసుక్కునేవాడు. ఇరవై ఏళ్ళ దారంరా, నెమ్మదిగా లాగు అనేది నానమ్మ. జిగురుకు పిండి ఉడికించడం ఆమె పని. అట్టలకు అట్టపెట్టెలు వెతుక్కురావడం నా పని. వెతకడానికి మరీ దూరం పోనక్కర్లేదని, ఒక్క వీధిలోనే రోజుకు పది పెట్టెలు పారేస్తారని అప్పుడే తెలిసింది. వాటిమీద తొడిగే గుడ్డ అమ్మ సంచిలోంచి వచ్చేది. రాసిన పేజీల్లో ఒక పక్క ఖాళీగా ఉన్నవి నా లెక్కలకు చిత్తుకాగితాలయ్యాయి, రెండు పక్కలా రాసినవి పొట్లాలయ్యాయి. ఐదు మూటలు ఇంట్లోకి వస్తే ఒక్క మూట బయటికి పోయింది, అది కూడా బండి అత్త బండి మీద. మా గుమ్మంలో చెత్తబుట్ట కనిపించక, మీరు ఊరెళ్ళారనుకున్నానని చెత్తబండి అతను ఒకరోజు నన్ను పలకరించాడు.

ఒంటిరెక్కలు మాత్రం మూలన అలాగే మిగిలిపోయాయి. వాటినేం చెయ్యలేమని నాన్న తేల్చేశాడు. వాటిని చూసినప్పుడల్లా నాకు తల కొట్టేసినట్టుండేది. ఒకరోజు పొద్దున్నే లేచేసరికి బల్ల మీద పది కాగితాలు ఆరబెట్టి ఉన్నాయి. అమ్మ రెండేసి ఒంటిరెక్కల్ని పక్కపక్కన పెట్టి, నడుమ వేలెడు వెడల్పు పలచటి గుడ్డపట్టీ అంటించింది. రెండు ఒంటిరెక్కలు కలిసి ఒక జంట కాగితం అయ్యాయి. మడిస్తే గుడ్డ దగ్గర చక్కగా మడత పడుతోంది.

నాన్న ఆ పట్టీ మీద బొటనవేలు పైనుంచి కిందికి రాశాడు. మళ్ళీ రాశాడు.

"ఇది నీకెవరు నేర్పారు?"

"నేర్పేదేముంది? మోచేతి దగ్గర చిరిగితే వెనక పట్టీ వెయ్యనా? అలాగే వేశాను."

నాన్న ఆ కాగితాన్ని మడిచి వెలుతురుకు పట్టి చూశాడు. పాత పుస్తకాలు ముక్కలైపోయి వస్తే తాము ఇలాగే అతికేవాళ్ళమని, తన గురువు ఆ పని తనకు మూడో ఏడు గానీ చేతికివ్వలేదని నెమ్మదిగా చెప్పాడు. అమ్మ ఏదో వెతుక్కుంటున్నట్టు దారాల డబ్బాలోకి తల దూర్చేసింది. ముప్పైయేళ్ళ తగువులో ఆమె గెలిచిన మొదటి రోజు అది, గెలిచాక ఏం చెయ్యాలో ఆమెకు తెలియలేదు. నాన్నే తేరుకుని, పట్టీ కాగితాలు పుస్తకానికి నాలుగుకు మించి పెట్టకు, వీపు ఉబ్బుతుంది అన్నాడు. ఉబ్బితే మీరున్నారుగా, ప్రెస్సు బిగించండి అంది అమ్మ. ప్రాణం కుదుటపడింది అందరికీ.

పుస్తకాలు చిత్రంగా తయారయ్యాయి. ఒక పేజీ ఒంటిగీతలు, తర్వాతిది రెండుగీతలు, ఆ పైది లెక్కల గళ్ళు, మధ్యలో గీతల్లేని కాగితం. అది నాన్నకు నచ్చలేదు. ఏ పేజీలో ఏముంటుందో తెలియకపోతేనే పిల్లలు ఆఖరి పేజీ దాకా పోతారని నేను వాదించాను. నా వాదన నిజమని తర్వాత తేలింది గానీ, ఆరోజుకు అది ఊరికే నోటికొచ్చిన మాట.

బడి తెరిచే రోజు రానే వచ్చింది. తెల్లవారుజామున మొదటి వాన పడి వెలిసింది. ముప్పై రెండు పుస్తకాలు నానమ్మ కడిగి ఆరేసిన కవర్లలో చుట్టి సంచుల్లో సిద్ధంగా ఉన్నాయి. చివరి ఆరు ప్రెస్సు కింద ఉన్నాయి. నాన్న చక్రం తిప్పి, పలక పైకి లేపి, వాటిని ఒక్కొక్కటే తీసి బల్ల మీద విప్పి పెట్టాడు. ఆరూ బుద్ధిగా పడుకున్నాయి. అమ్మ వాటిని కవర్లలో చుడుతుండగా బయట బండి చక్రం కిర్రుమంది.

"అన్నా, మనుషుల్ని తెచ్చాను" అంది బండి అత్త.

ఆవిడ వెనక చొక్కా చేతులు పైకి మడిచిన మనుషులు ఇద్దరు, భుజం మీద లావుపాటి తాడు. నెల రోజులుగా ఆ రోజు సంగతి ఎవరమూ ఎత్తలేదు. ఎత్తితే ఎక్కడ గుర్తొస్తుందోనని భయం. తీరా చూస్తే అందరికీ గుర్తే ఉంది. నానమ్మ స్టూలు మీద నుంచి లేచింది. అమ్మ చేతిలో కవరు చప్పుడు ఆగిపోయింది. పుస్తకాలు అయిపోయాయి, మూటలు అయిపోయాయి, ప్రెస్సు నోరు తెరుచుకుని ఖాళీగా ఉంది. ఆడినమాట తప్పడం నాన్నకు చిన్నప్పట్నుంచీ లేదు.

నాన్న ప్రెస్సు వంక చూశాడు. మనుషుల వంక చూశాడు. తర్వాత ముందు గదిలోకి పోయి, కుట్టుమిషను పక్కన అమ్మ దాచుకున్న నీలం అట్ట పుస్తకం తెచ్చాడు. బల్ల మీద విప్పి వదిలాడు. అది లేచి కూర్చుంది. దాన్ని మూసి, ప్రెస్సు కింద పెట్టి, రెండు చేతులా చక్రం తిప్పి గట్టిగా బిగించాడు.

"ఒక్క పుస్తకం మిగిలిపోయింది చెల్లెమ్మా" అన్నాడు. "ఇది పడుకునేదాకా ప్రెస్సు ఇవ్వలేను. వచ్చే వారం రా."

మడతకు అరంగుళం పక్కన కుట్టిన పుస్తకం వారం కాదు కదా, నూరేళ్ళు నొక్కినా పడుకోదు. ఆ సంగతి నాన్నకు తెలుసు, అమ్మకు తెలుసు, ఆ నెల రోజుల చదువుతో నాకూ తెలుసు. అమ్మ తల వంచుకుని ఆరో పుస్తకానికి కవరు చుట్టడం పూర్తిచేసింది. ఆమె చెవులు ఎర్రబడ్డాయి. నానమ్మ ఆ మనుషులిద్దరికీ టీ పెట్టడానికి లోపలికి పోయింది. వాళ్ళు టీ తాగి, నా సంచులు బడి దాకా మోసిపెట్టి వెళ్ళారు.

వారం తర్వాత బండి అత్త చెప్పినట్టే వచ్చింది. ఊరికే రాలేదు, ఎక్కడెక్కడివో సగం రాసిన నోటుబుక్కులు ఒక మూట తెచ్చి వసారాలో దించింది. తర్వాత ప్రెస్సు సంగతి ఏమిటన్నా అని మొహం బిగించి అడిగింది. నాన్న చక్రం తిప్పి, నీలం అట్ట పుస్తకం బయటికి తీసి, బల్ల మీద విప్పి పెట్టాడు. నలుగురం చుట్టూ చేరి ఊపిరి బిగబట్టి చూశాం. పుస్తకం కొంచెంసేపు ఆలోచించినట్టు ఆగి, మెల్లగా లేచి కూర్చుంది.

"ఇంకా పడుకోలేదు" అన్నాడు నాన్న, మొహమంతా నవ్వుతో. "వచ్చే వారం రా."